ఐదో ప్రిన్సిపాల్

నన్ను ప్రిన్సిపాల్ చేసిన రోజున స్టాఫ్ రూములో ఎవరూ పార్టీ అడగలేదు. పదహారేళ్లుగా అదే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని. అందరూ అభినందనలు చెప్పారు, కానీ మొహాలు పక్కకు తిప్పుకుని చెప్పారు. ఆయా మాత్రం కొత్త గదిలో బల్ల తుడుస్తూ, "నువ్వు ఐదోదానివమ్మా. వెనకటోళ్లెవరూ చెప్పి పోలా. ఒక పొద్దున రావడం మానేశారు, అంతే" అంది.

ఆ నలుగురిలో మొదటివారు మా లెక్కల సారు. మాచర్ల అవతల, క్వారీలకు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో పదిమంది పిల్లలతో పాలిటెక్నిక్ ఎంట్రన్స్ ట్యూషన్ మొదలుపెట్టారాయన. ఆ పదిమందిలో నేనొకదాన్ని. ట్యూషన్ స్కూలైంది, స్కూలుకు ఇంటర్ కాలేజీ తోడైంది. అప్పుడొక క్వారీ కాంట్రాక్టరు భాగస్వామిగా వచ్చి భవనం కట్టించి, కరస్పాండెంట్ అయ్యాడు. ర్యాంకులొచ్చిన ఏడాది ఒక్క వేసవిలోనే ఆఖరి అంతస్తు లేపారు. ఆ తర్వాత కొన్నాళ్లకే సారు వెల్దుర్తి వెళ్లిపోయారు. ఆ అంతస్తు వద్దన్నందుకే ఆయన్ను పంపేశారని మేమంతా నమ్మేవాళ్లం. ఆయన మొదలుపెట్టిన చోటని, ఆయన మీద గౌరవంతోనే నేనక్కడ ఉండిపోయాను.

పై అంతస్తులో ఒక అలవాటుంది. మధ్యాహ్నం అన్నాల వేళ క్వారీలో సైరన్ మోగుతుంది. మోగగానే పిల్లలు బాక్సుల మీద మూతలు పెట్టేస్తారు. కాసేపటికి పేలుడు, కాళ్ల కింద గచ్చు చిన్నగా వణుకుతుంది, పైకప్పు నుంచి సున్నం పొట్టులు రాలతాయి. మూతల మీద పొట్టు దులుపుకుని మళ్లీ తింటారు. కొత్తగా చేరినవాళ్లు కూడా ఎందుకని అడగరు. పక్కవాళ్లను చూసి మూత పెట్టేస్తారు. నేనూ ఏనాడూ అడగలేదు.

నేను కుర్చీలో కూర్చుంటే చూడాలని మా నాన్న వచ్చాడు. ఆయన తాపీ మేస్త్రీ, పని మానేసి చాలా కాలమైంది. సంబరంగా భవనమంతా తిప్పి చూపించాను. పై అంతస్తులో సీనియర్ ఇంటర్ గదిలోకి రాగానే మాట ఆపేశాడు. బెంచీ ఎక్కి, దూలం గోడలో కలిసేచోట ఉన్న పగుల్లో బొటనవేలి గోరు పెట్టాడు. గోరు సగం దాకా దిగింది.

"అమ్మాయ్, ఇది పైపూత పగులు కాదు. దూలమే పగిలింది. ఇక్కడ పిల్లల్ని కూర్చోబెట్టమాకు."

"ఇన్నేళ్లూ బాగానే ఉంది కదా నాన్నా?"

"ఉన్నన్నాళ్లు ఉంటది" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడవైపు నడవనివ్వలేదు నన్ను.

మరుసటి వారమే కరస్పాండెంట్ ఒక కాగితం తెచ్చాడు. గొంతు పెంచే మనిషి కాదు. కూర్చోమంటే తప్ప కూర్చోడు కూడా. భవనం పటిష్ఠంగా ఉందని, పై అంతస్తు తరగతులకు అనువుగా ఉందని ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువీకరణ అది.

"సార్, పైన దూలం పగిలింది. మా నాన్న చూశారు."

"పెద్దాయనంటే నాకు చానా గౌరవం మేడమ్. కానీ ఇంజినీరు కాగితం ఇచ్చాడు గదా. దానికి మీది జతచేయాల, అంతే. ఏటా ఉండేదే."

"ఒకసారి మరమ్మతు చేయించి..."

"చేయిద్దాం. సెలవుల్లో చేయిద్దాం. ఇప్పుడు ఇది ఆగితే గుర్తింపు ఆగిపోద్ది. పిల్లల పరీక్షలు ఏంగావాల? ఆ పాపం మీకెందుకు?"

సంతకం పెట్టాను. ఆయన బెదిరించాడని చెప్పుకుంటే సులువుగా ఉండేది, కానీ బెదిరించలేదు. ఆ కుర్చీ నాకు కావాలి. నా పేరు కింద 'ప్రిన్సిపాల్' అన్న ముద్ర పడటం చూసి, ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో మురిసిపోయాను. ఇంటికెళ్లి నాన్నకు చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు వచ్చాయి, పోయాయి. మరమ్మతు జరగలేదు. ఒకరోజు సీనియర్ ఇంటర్ పిల్లలకు ప్రాక్టికల్స్ ఆలస్యమై, అన్నాల వేళకు ఇంకా కింద ల్యాబులోనే ఉన్నారు. పేలుడు తర్వాత పైనుంచి ఇంకో చప్పుడు వినిపించింది. పరిగెత్తి వెళ్లాను. గదిలో దుమ్ము. మూడో బెంచీ నడుముకు విరిగి ఉంది, దాని మీద నేను మోయలేనంత పెచ్చు. పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. బెంచీ కింద బాక్సులు వరసగా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నా గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని, పాత ఫైలు తీశాను. ఏటా ఒక ధ్రువీకరణ. అన్నింటిలోనూ అవే వాక్యాలు, కింద సంతకాలు మాత్రం మారుతూ వచ్చాయి. అన్నిటికన్నా అడుగున, పసుపు పచ్చబడిన కాగితం మీద మా లెక్కల సారు సంతకం ఉంది.

ఆ ఆదివారం వెల్దుర్తి వెళ్లాను. సారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన సంతకం ఉన్న కాగితాన్ని ఫోనులో తీసుకున్న ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, ఫోను నా చేతికిచ్చేశారు.

"మీరు వద్దన్నారనుకున్నాం సార్."

"అన్నాను. అని, సంతకం పెట్టాను. పెట్టాక అక్కడ ఉండలేకపోయాను." మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిస్తూ, "నా తర్వాత వాళ్లన్నా పెట్టరనుకున్నానమ్మా. ముందు నేను పెట్టాను కాబట్టే వాళ్లు పెట్టారని ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు.

సోమవారం పొద్దున్నే పై అంతస్తుకు తాళం వేసి, తరగతులన్నీ కింద సైకిళ్ల షెడ్డులోకి మార్చాను. కరస్పాండెంట్ వచ్చి చూసి, "మంచి పని చేశారు మేడమ్" అని వెళ్లిపోయాడు. నాకు భయం వేసింది అప్పుడే. వారం తిరక్కముందే తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడారు. పరీక్షల ముందు పిల్లల్ని షెడ్డులో కూర్చోబెట్టానని, కాలేజీ పేరు చెడగొడుతున్నానని. వాళ్లకు ఎవరు ఫోన్లు చేశారో నేను అడగలేదు. పెచ్చు పడిన గది చూడమంటే ఒక తండ్రి, "మీరే గదా బాగుందని రాసిచ్చింది?" అన్నాడు. ఆయన చేతిలో నా ధ్రువీకరణ జిరాక్స్ ఉంది.

నెలాఖరుకు నన్ను తీసేశారు. నరసరావుపేటలో ఇంకో కాలేజీలో చేరాను, లెక్చరర్‌గానే.

మొన్న జూన్‌లో ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. కుర్రగొంతు. ఆ కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్‌నని చెప్పాడు.

"మేడమ్, ఫైల్లో మీ సంతకం చూశాను. ఒక మాట అడగాలి. పై అంతస్తు నిజంగా బాగుందా?"

"లేదు బాబూ. నేను అబద్ధం రాశాను. మీరు పెట్టకండి."

"నిన్ననే పెట్టేశాను మేడమ్" అన్నాడు.

"తరగతులు మళ్లీ పైనే పెట్టారా?"

"లేదండీ. తరగతులు కిందనే. పైన పూత పూయించి హాస్టల్ చేశారు. ఆడపిల్లలు పడుకునేది అక్కడే."

ఆ రోజు క్లాసుకు వెళ్లలేదు. నేను రాసింది అబద్ధమని, ఏం చూశానో, ఎప్పుడు చూశానో రెండు పేజీలు రాసి, బస్సెక్కి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ గుమాస్తా రెండుసార్లు చదివాడు. "ఇది ఇస్తే ముందు కేసు మీ మీదే అవుద్ది మేడమ్, ఆలోచించుకోండి" అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేసివ్వండి."

వేసిచ్చాడు. ఆఫీసువాళ్లు వచ్చి చూస్తామన్నారు. ఇంకా రాలేదు. ఆ కుర్రాడికి రోజూ పొద్దున ఫోను చేస్తున్నాను. ఎత్తగానే, నేను అడగకముందే, "పిల్లలందరూ లేచారు మేడమ్" అంటాడు.