హస్తవాసి

పొద్దున వేసుకోవాల్సిన మాత్రను ఇంట్లో వేసుకునేదాన్ని కాదు. సంచిలో పెట్టుకుని ముదిగుబ్బ దగ్గరి ఏదో ఒక పల్లెకు పోయి, మొదట అడుగుపెట్టిన ఇంట్లో మంచినీళ్లు అడిగి, వాళ్ల కళ్లముందే మింగేదాన్ని. "నాకూ తల చెడింది. ఇవి మింగుతాండా, ఇట్లా మీ ముందర కూర్చోనుండా" అనేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక చిన్న సంస్థ నాకిచ్చిన ఉద్యోగం అదే. జబ్బుపడి లేచినదాన్ని కాబట్టి, జబ్బుపడినవాళ్ల పక్కన కూర్చోవాలి. ఓదార్చడం నాకు పెద్దగా చేతకాదు. పోట్లాడటం బాగా వచ్చు.

అట్లా పోతున్న ఇళ్లలో ఒక కోడలు ఉండేది. రెండో కాన్పు తర్వాత నిద్ర లేక, ఎవరో పిలుస్తున్నారంటూ వీధుల్లో తిరిగిన మనిషి. తాయెత్తులన్నీ అయ్యాక, నా పోరు పడలేక, మండలంలో నెలకోసారి డాక్టరు వచ్చే రోజున ఇంట్లోవాళ్లు ఆమెను తీసుకొచ్చారు. ఏడాదికి కుదుటపడింది. వంట చేసింది, గొర్రెలు తోలింది, పిల్లలకు జడలు వేసింది. ఒక్క పని మాత్రం చేయనివ్వలేదు. విత్తనం ముట్టుకోనివ్వలేదు.

మా దిక్కున వేరుశనగ విత్తేటప్పుడు ఎద్దులు గొర్రును లాగుతాయి, ఆడవాళ్లు వెనకే నడుస్తూ గొర్రు గొట్టాల్లోకి గింజలు వదులుతారు. ఎవరి చెయ్యి మంచిది, ఎవరిది కాదు అని ఊరంతటికీ ఒక పట్టింపు.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. విత్తడానికి సరిపడే ఆ తడి, ఆ పదును, నేలలో రెండు రోజులు నిలిస్తే గొప్ప. నేను పోయేసరికి వాళ్ల చేనిలో గొర్రు ఆగి ఉంది. విత్తడానికి రావాల్సిన ఒకామె రాలేదు. అత్త విత్తనాల గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు గట్టు మీద నిలబడి ఉంది.

"మనిషి తక్కువైతే కోడలుండాది కదా పెద్దమ్మా?" అన్నాను.

"వద్దులేమ్మా. ఆ చెయ్యి తగిలితే మొలుస్తాదా?"

నాకు ఒళ్లు మండింది. "డాక్టరుది మంచి హస్తవాసి అని మొన్న నువ్వే అంటివే. ఆ హస్తవాసితో బాగైన మనిషి చెయ్యి చెడ్డదెట్లయితాది?"

"అది వేరే, ఇది వేరే."

"సరే, నాది పూచీ. మొలవకపోతే నన్ను తిట్టు" అన్నాను. ఆ మాటకు అత్త మెత్తబడి గంపను కొంచెం ముందుకు జరిపింది. గెలిచాననుకున్నాను.

కోడలు గట్టు దిగి వచ్చింది. "నీ పూచీ నాకొద్దక్కా. నీ పూచీ మీద విత్తితే అది నీ చెయ్యి. ఇంక నా చెయ్యి యాడుండాది?" అని నన్ను దాటిపోయి అత్త ముందు నిలబడింది. "పోయినేడు ఎవురు విత్తినారత్తా? నువ్వే కదా. ఎండిపాయె. నీ చేతిని ఎవురన్నా ఏమన్నా అన్నారా? వాన రాలేదన్నారు. నాకూ ఆ మాటే చెప్పండి."

గొర్రు పట్టుకున్న ఆమె మొగుడు నేలవైపు చూసి, "పదును ఆరిపోతాండాది, రాండి" అన్నాడు. కోడలు అత్త దగ్గర్నుంచి గంప తీసుకుంది. నాకు సిగ్గేసింది.

మొలిచింది. అందరి చేలలాగే సాళ్లు సాళ్లుగా మొలిచింది. తర్వాత వాన మొహం చాటేస్తే, అందరి చేలలాగే ఎండింది. నింద ఎవరి మీద పడుతుందో తెలుసు కాబట్టి భయపడుతూనే పోయాను. అప్పటికే టీ అంగడి దగ్గర ఒకాయన ఆమె చేతి మాట ఎత్తాడట. ఈమె నేరుగా అంగడికే పోయి, "మీ చేను గూడా నేనే విత్తినానా అన్నా?" అని అడిగిందట. అక్కడున్నవాళ్లు నవ్వారట. ఆయన నవ్వలేదట.

మరుసటి ఏడు వాన పడిన పొద్దున మళ్లీ పోయాను. గంప కోడలి నెత్తిన ఉంది, అత్త వెనక నడుస్తోంది. నన్ను చూసి కోడలు ఆగలేదు. "మాట్లాడాలంటే నువ్వూ రాక్కా. ఒక గొట్టం చూసుకో" అంది.

నా కాళ్లు గట్టు మీదే ఆగిపోయాయి. ఇరవై ఏళ్లకు జబ్బుపడిన నాటి నుంచి మా నాయన చేనిలో నాకు ఎవరూ గింజ అందించలేదు. అందరి కోసం పోట్లాడిన నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడగనూ లేదు.

సంచి గట్టు మీద పెట్టి చేనిలోకి దిగాను. కొంగు పట్టాను. ఆమె రెండు దోసిళ్ల విత్తనం పోసింది.