తొమ్మిదో మిషన్ అడిగిన ప్రశ్న

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీ కొట్ల దగ్గర ఎవరైనా "మా మేనమామకి జరిగింది" అని గొంతు తగ్గించగానే లేచి పక్కకి పోతాను. జరిగేది ఎప్పుడూ మేనమామకే. చెప్పేవాడికి ఒక్కనాడూ జరగదు. ఇప్పుడు జరిగింది నాకే కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మొన్నటిదాకా అయితే నేనూ నవ్వేవాణ్ణే.

తిరుపతిలో నాకు చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. "మిషన్‌కి ఏదో పట్టింది సార్" అని పిలిచిన ప్రతిచోటా నాకు దొరికింది వదులైన వైరో, దుమ్ము పట్టిన ఫ్యానో, లేకపోతే మిషన్ ముందు కూర్చున్న మనిషి తెలివితక్కువతనమో. ఒక ఆఫీసులో కంప్యూటర్ దానంతటదే ఆగిపోతోందని బల్లకి నిమ్మకాయలు కట్టారు. తీరా చూస్తే ఊడ్చే ఆమె చీపురు తగిలి ప్లగ్గు కదులుతోంది. ఆ నిమ్మకాయలు నేనే తెంపి చెత్తబుట్టలో పడేశాను. ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు.

నా పనిలో నేను గొప్పగా చెప్పుకునేది ఒకటుంది. మిషన్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడు అది దారిపొడుగునా ప్రశ్నలు అడుగుతుంది. ఏ భాష, ఏ కీబోర్డు, డిస్క్‌ని ఎన్ని భాగాలు చేయాలి, ఉన్నవి చెరిపేయాలా వద్దా. మామూలు టెక్నీషియన్లు ఒక్కో మిషన్ ముందు కూర్చుని, ఆవలిస్తూ, నొక్కిందే నొక్కుతుంటారు. నేను జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటాను. నా ల్యాప్‌టాప్‌ని హాల్లోని నెట్‌వర్క్‌కి తగిలిస్తే, మిషన్లు ఆన్ అయిన వెంటనే ఆ ఫైలు చదువుకుని, డిస్క్ మొత్తం తుడిచేసి, మూడు భాగాలు చేసుకుని, పని ముగించుకుంటాయి. మనిషిని ఒక్క మాట అడగవు. కీబోర్డు కూడా అక్కర్లేదు.

నగరిలో చీరల డిజైన్లు నేర్పే ఒక హాలు నుంచి నన్ను పిలిచారు. అంచులు, కొంగులు కంప్యూటర్లో గీసి మరమగ్గాలకి పంపడం అక్కడ ఆడపిల్లలకి నేర్పుతారు. పదహారు మిషన్లు, అన్నీ పాతబడ్డాయి, అన్నిట్లో కొత్త సిస్టమ్ వేయాలి. నేర్పేది కాంచన. ముప్పై దాటి ఉంటాయి. అంతకుముందు నేర్పింది వాళ్ల నాయన, ఏకాంబరం మేస్త్రి. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

మేస్త్రి అరవయ్యో ఏట మౌస్ పట్టడం నేర్చుకున్నాడట. అప్పట్నుంచి గీసినవన్నీ తొమ్మిదో మిషన్లో ఉన్నాయి. అంతకుముందు గ్రాఫ్ కాగితాల మీద గీసినవి చెదలు తినేశాయి. కాంచన వాళ్ల మగ్గాలు, ఇంకో పది ఇళ్లవాళ్ల మగ్గాలు ఆ డిజైన్ల మీదే నడుస్తున్నాయి. అవి పోతే ఆ ఇళ్లలో నేయడానికి ఏమీ ఉండదు.

నేను వెళ్లేసరికి పిల్లలు పని చేసుకుంటున్నారు. ఉన్నట్టుండి ఒక పిల్ల "చెరపనా?" అని అరిచింది. ఇంకో మూల నుంచి ఇంకో పిల్ల "చెరుపక్కా!" అంది. నాకు అర్థం కాలేదు. కాంచన చెప్పింది. "మా నాయన పెట్టిన పద్దతన్నా. ఏదైనా చెరపాలంటే గట్టిగా అడగాల. ఇంకొకరు చెరుపు అంటేనే చెరపాల. ఒకతూరి నాయన ఒక్కడే ఉండి మంచి కొంగు డిజైను చెరిపేసుకున్నాడు. ఆ పొద్దు నుంచి ఇంతే."

ఇంత చిన్న పనికి ఇంత తిరునాళ్ల గోలా అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. చెరపడానికి ఇద్దరు కావాలట! నా ఫైలు పదహారు డిస్కులు ఎవర్నీ అడక్కుండా చెరిపేస్తుంది.

అప్పుడు కాంచన అడిగింది. "అన్నా, నాయన గీసినవన్నీ డీ డ్రైవులో ఉండాయి. డీ పోదు గదా?"

మన దగ్గర ఇదొక మూఢనమ్మకం, దయ్యాల కంటే గట్టిది. సిస్టమ్ పాడైతే మామూలు టెక్నీషియన్లు సీ డ్రైవు ఒక్కటే తుడిచి, డీ జోలికి పోరు. దాంతో జనానికి డీ డ్రైవు అంటే బ్యాంకు లాకరే. మా ఇంట్లో పెళ్లి ఫొటోలు కూడా డీలోనే పెట్టి నిశ్చింతగా నిద్రపోతారు. నిజానికి రెండూ ఒకే డిస్క్‌లోని ముక్కలు. నా ఫైలుకి సీ తెలీదు, డీ తెలీదు. డిస్క్ అంటే డిస్కే.

ఇదంతా ఈమెకి విడమరిచి చెప్పాలంటే అరగంట పడుతుంది. నాకు ఒళ్లు మండింది. "కాపీ తీసినారా?" అన్నాను. "తీసినామన్నా, పెన్‌డ్రైవులో ఉండాయి" అంది. "అట్లయితే యాడికీ పోవులేమ్మా" అన్నాను. ఆమె అడిగింది డీ గురించి. నేను చెప్పింది దానికి జవాబు కాదు. ఆ పెన్‌డ్రైవు తెరిచి చూడడానికి ఒక్క నిమిషం పట్టేది. అది కూడా చూడలేదు.

కీబోర్డులు, మౌసులు అన్నీ పిల్లలు తుడవడానికి వరండాలోకి పట్టుకెళ్లారు. మధ్యాహ్నం భోజనాల వేళకి హాల్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మిషన్లన్నీ వరసగా ఆన్ చేశాను. పదిహేను మిషన్లు గప్‌చుప్‌గా పని మొదలుపెట్టాయి. తొమ్మిదోది ఆగింది.

తెరమీద ప్రశ్న ఉంది. ఈ డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేయాలా? అవును, కాదు. గుర్తు "కాదు" మీద నిలబడి ఉంది.

ఆ ప్రశ్న అక్కడ రాకూడదు. దాని జవాబు ఫైల్లో ఉంది, మిగతా పదిహేనూ అదే ఫైలు చదివాయి. తిట్టుకుంటూ వరండాలోంచి ఒక కీబోర్డు తెచ్చి తగిలించాను. "అవును" మీదికి జరిపి నొక్కాను. తెర ఒకసారి మినుక్కుమని మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. గుర్తు మళ్లీ "కాదు" మీదే. మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ అంతే. కీబోర్డు మార్చాను. ఆ రెండు కీబోర్డుల్నీ పదో మిషన్‌కి పెట్టి చూశాను, బాగానే పనిచేశాయి. తొమ్మిదో మిషన్ ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టాను. అదే ప్రశ్న.

భయం లాంటిది ఏమీ వేయలేదు, నిజం చెప్తున్నాను. కోపం వచ్చింది. ఇంత పాత డొక్కు మిషన్ నాతో ఆటలాడడమా అనిపించింది. డిస్క్ బయటికి తీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి నేనే తుడిచేద్దామని స్క్రూలు విప్పాను. డిస్క్ చేతిలోకి తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడే కాంచన నాకు క్యారియర్లో అన్నం తీసుకుని వచ్చింది. పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, "పిల్లోళ్లకి మద్దేనం పనియ్యాలన్నా, నాయన డిజైన్లు ఒక దాంట్లో యేసి సూపీ" అంది. అప్పటికి ఒకటో మిషన్ తయారైపోయింది. పెన్‌డ్రైవు దానికి పెట్టి తెరిచాను.

బొమ్మల పేర్లతో నాలుగు వందల పైచిలుకు గుర్తులు కనిపించాయి. రుద్రాక్ష అంచు, చిలకల కొంగు, గోపురం అంచు. ఒక్కో గుర్తుకి మూలన చిన్న బాణం ఉంది. అవి డిజైన్లు కావు. డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేయడానికి పెట్టుకునే షార్ట్‌కట్లు. ఇంటి తలుపు మీది పేరు బోర్డు ఊడదీసుకుని ఇల్లు తెచ్చుకున్నామనుకున్నట్టు ఉంది. అసలు డిజైన్లు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉన్నాయి. అది నా చేతిలో ఉంది.

కాంచనకి ఏమీ తెలియలేదు. "తెరుచుకోలేదా అన్నా? పోనీలే, డీలో ఉండాయి గదా" అంది నవ్వుతూ.

డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి కాపీ పెట్టాను. రెండు గంటలు పట్టింది. అన్నం ముట్టలేదు. భోజనాలయ్యి పిల్లలు వచ్చారు. "ఏమన్నా, డిస్కు పెరికినావే?" అని కాంచన అడిగితే, "ఎందుకైనా మంచిదని ఇంకో కాపీ తీస్తా ఉండానమ్మా" అన్నాను. ఆమె పిల్లల వైపు తిరిగి, "సూడండే, పని చేసేదంటే ఇట్లా ఉండాల" అంది. నేను తల దించుకుని తెర చూస్తూ కూర్చున్నాను.

కాపీ అయ్యాక ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. ఇంకో డిస్క్‌లోకి కూడా ఎక్కించి, అప్పుడు ఆ పాత డిస్క్‌ని తొమ్మిదో మిషన్లో బిగించి ఆన్ చేశాను. ఫైల్లో ఒక్క అక్షరం మార్చలేదు. నేను తెచ్చిన రెండు కీబోర్డులు కూడా పిల్లలు మళ్లీ వరండాలో ఎండలోకే పట్టుకెళ్లారు.

మళ్లీ అదే ప్రశ్న వచ్చింది.

కీబోర్డు తేవడానికి లేచాను. తొమ్మిదో మిషన్ పక్కన వనజ అనే పిల్ల కూర్చుని ఉంది. తెరమీద ఉన్నది చదివి, అలవాటు కొద్దీ, ఎవరో అడిగినట్టే "చెరుపన్నా!" అని గట్టిగా అంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. వెనక్కి తిరిగేసరికి ప్రశ్న లేదు. డిస్క్ తుడిచే గీత మెల్లగా ముందుకి జరుగుతోంది. ఆ మిషన్‌కి కీబోర్డు లేదు, మౌస్ లేదు. వనజ చేతులు ఒళ్లో ఉన్నాయి.

హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మిషన్ అడిగింది, పిల్ల చెప్పింది, పని జరిగింది. వాళ్లకి అది రోజూ ఉండేదే. అది అడగకూడని మిషనని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. ఒళ్లు జలదరించింది కూడా నాకొక్కడికే.

డిజైన్లు మళ్లీ తొమ్మిదో మిషన్లో ఎక్కించి తిరుపతికి వచ్చాక, నా ల్యాప్‌టాప్‌లో ఉన్న లాగ్ తీసి చూశాను. ఎక్కించే ప్రతి అడుగూ అందులో రాసి ఉంటుంది. నేను "అవును" నొక్కిన ప్రతిసారీ అక్కడ "కాదు" అని నమోదైంది. చివరిది మాత్రం "అవును". ఆ చివరిదాన్ని నేను నొక్కలేదు.

నాతో పనిచేసే ప్రసాద్‌కి చూపించాను. మదర్‌బోర్డు పాతదన్నాడు, దాని మీది బ్యాటరీ సెల్లు వీక్ అయ్యుంటుందన్నాడు, ఎండకి అలా అవుతాయన్నాడు. ఇన్నాళ్లూ నేను జనానికి చెప్పినవే అవన్నీ. వింటుంటే ఎంత చిరాకేసిందో! వీక్ అయిన సెల్లుకి చదవడం వచ్చా? ఏ డిస్క్‌లో ఏముందో తెలుసా? పదహారింటిలో చెరపకూడనిది ఒక్కటే ఉంటే, సరిగ్గా దాని దగ్గరే ఎలా ఆగింది? ప్రసాద్ భుజాలెగరేసి టీకి పోయాడు. ఇంకో స్నేహితుడు ఆ హాల్లో కర్పూరం వెలిగించమన్నాడు. వాణ్ణి మాత్రం షాపులోంచి పొమ్మన్నాను.

దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. ఏకాంబరం మేస్త్రి వచ్చి అక్కడ కూర్చున్నాడని ఎవరైనా అంటే ఒప్పుకోను. పోనీ ఏం జరిగిందో చెప్పు అంటే, ఆ లాగ్ తీసి చూపించడం తప్ప ఏమీ చేయలేను.

నన్ను ఎక్కువ కాల్చేది అది కూడా కాదు. కాంచన నా గురించి నగరి అంతా చెప్పింది. ఈ అన్న చేతిలో పెడితే ఏదీ పోదు, మనం అడక్కపోయినా రెండు కాపీలు తీసినాడు అని. ఆ మాట పట్టుకుని పుత్తూరు నుంచి, పలమనేరు నుంచి కూడా నాకు పని వస్తోంది. కొత్త సిస్టమ్ వేశాక మొన్న మగ్గం మీంచి దించిన మొదటి రుద్రాక్ష అంచు చీర మా ఇంటికి పంపించింది. "మా నాయన ఉన్నా నీకే ఇచ్చుండేవోడన్నా" అని ఫోన్లో అంది.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాలంటే ముందు ఆ డిస్క్‌ని తుడిచేద్దామని చేతిలోకి తీసుకున్న సంగతి చెప్పాలి. నేను అవును అన్నాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అవుననే అన్నాను. ఆ రోజు కాదన్నదెవరో నాకు తెలీదు. నేను మాత్రం కాదు.