షుకూర్ మామ పెట్టిన కాకస్

రావల్‌కోల్‌లో షుకూర్ మామకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ సంగతినైనా మనుషుల్ని గుంపులుగా నిలబెట్టే తేలుస్తాడు. కోళ్లఫారానికి కాపలా ఉంటూ ఫోన్లో అమెరికా ఎన్నికలు చూసీ చూసీ తెచ్చుకున్న పిచ్చి అది. అక్కడ అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ముందు రాష్ట్రాలవారీగా ఎంచుకుంటారట. కొన్ని రాష్ట్రాల్లో ప్రైమరీ, అంటే ఓటు వేసి వెళ్లిపోవడం. కొన్నింట్లో కాకస్, అంటే ఒకచోట చేరి, నచ్చినవాడి వైపు వెళ్లి నిలబడటం. ఏ రాష్ట్రమైనా కాకస్ మానేసి ప్రైమరీకి మారిందంటే ఆ పూట మామ ఎవరితోనూ మాట్లాడడు.

"చీటీ ఏసెటోడు ఒక్కడే వస్తడు, ఒక్కడే పోతడు. గదేం ఎన్నిక?" అంటాడు.

ఇంట్లో పప్పా, చారా అన్నదానికీ కాకసే. బషీరున్నీసా అత్త గరిటె చూపించి, "మీ అమెరికాను గడప బయట్నే పెట్టుండ్రి" అంటుంది.

మొన్న వానాకాలంలో మా వెనకింటి బుచ్చవ్వ పెనిమిటి రామయ్య పోయాడు. పిట్టకు పెట్టిన రోజు కాకి పిండం ముద్ద ముట్టలేదు. పోయినవాడికి కోపముంటే ముట్టదంటారు. ఆఖరి పొద్దున ఆయన చాయ్ అడిగితే, "పాలు నీ అయ్య తెచ్చిండా?" అని కసిరిందట బుచ్చవ్వ. ఆ కోపమే అనుకుని తిండి మానేసింది. నెల తిరిగేసరికి ఎముకలు తేలాయి. ఆమె కూడా పోతుందేమోనని మాకు భయం పట్టుకుంది.

"కాకస్ పెడదాం," అన్నాడు మామ.

బుచ్చవ్వ మంచంలో లేచి కూర్చుంది. "కాకులను పిలుస్తవా తమ్మీ? ఆయనొస్తడా?"

సరిదిద్దబోతే మామ నా కాలు తొక్కాడు. "వస్తడక్కా" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం, కోళ్లు లేని షెడ్డులో చేరాం. పైన రేకుల మీద కాకులు నడుస్తున్నాయి. కరెంటు లేదు, అయినా మూలనున్న ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. మామ సున్నంతో గీత గీశాడు.

"రామన్నకు కోపముందనెటోళ్లు అటు, లేదనెటోళ్లు ఇటు."

మేం పదకొండుమందిమి ఇటు నిలబడ్డాం. బుచ్చవ్వ ఒక్కతే అటు.

"పదిహేను శాతం లేని గుంపు చెల్లదు. రూల్. ఇటు రా అక్కా."

"నేనొక్కదాన్నే లేను," అని బుచ్చవ్వ పక్కకు చూసి కొంగు సర్దుకుంది. "ఆయన గూడ ఉన్నడు."

పైన కాకుల చప్పుడు ఆగిపోయింది. మేమంతా ఒకరి వెనక ఒకరం నక్కాం.

మామ మాత్రం ఫోన్లో లెక్క వేశాడు. "మొత్తం పదముగ్గురు. అండ్ల ఇద్దరంటే... పదిహేను దాటింది." ఆయన ముఖం పాలిపోయింది. ఆ లెక్కన రామయ్య కోపం నిలబడ్డట్టే.

కాకస్ నడిపేవాడు ఏ పక్కా చేరకూడదు. ఒకసారి నడుపుతూ ఓ పక్క చేరినందుకు సొంత బావమరిదితో ఏడాదిగా మాటలు మానేసినవాడు మామ. అలాంటివాడు గబగబా వచ్చి మా పక్కన నిలబడి మళ్లీ లెక్క వేశాడు.

"ఇగ పద్నాలుగు మంది. మీది పద్నాలుగు శాతమే, చెల్లదు." తలెత్తి బుచ్చవ్వ పక్కనున్న ఖాళీ జాగాను చూశాడు. "రామన్నా, నువ్వు గూడ రావాలె. రూల్ అందరికీ ఒకటే. జల్దీ రాండ్రి ఇద్దరు."

బుచ్చవ్వ పక్కకు తిరిగి ఏదో విన్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి చేయి చాచి, "పా, పిలుస్తున్నరు గద," అంటూ గీత దాటింది. మేమంతా జరిగి ఇద్దరికి సరిపడా చోటిచ్చాం. అత్త, వెంట తెచ్చిన డబ్బా విప్పి అక్కడే ఆమెకు అన్నం పెట్టింది. బుచ్చవ్వ అంతా తిన్నది.

బయటికొస్తుంటే మామ నా చెవిలో గుసగుసలాడాడు. "నేను మీ దిక్కు నిలబడ్డ సంగతి అమెరికోళ్లకు తెల్వనియ్యకు. ఇజ్జత్ పోతది."