అందరూ పైకొచ్చినట్టేనా?

మా క్లినిక్‌లో నాతో పనిచేసిన సార్ పోయారు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, ఆవని ఊరి నుంచి వచ్చిన కూతురితో కాసేపు కబుర్లాడి, నిద్రలోనే వెళ్ళిపోయారట. ఫోన్ పెట్టేశాక బాగా ఏడ్చాను. ఆయాసం లేకుండా పోయారు కదా అని ఆ వెంటనే గుండె తేలికపడింది కూడా. మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఎంతమంది యాతన పడ్డారో చూసినవాళ్ళం.

గనులు మూసేదాకా సార్ అక్కడ గుమాస్తా. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవారు. పైకి వచ్చాక దాన్ని బోర్డు కొక్కేనికి తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా సార్ ఇంటికి కదిలేవారు కాదట. తర్వాత మా క్లినిక్‌లో చేరి, నాతో పాటు రోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. సాయంత్రం దాన్ని ఆపేముందు, "అందరూ పైకొచ్చినట్టేనామ్మా?" అనేవారు. సేవ్ చేశావా అని అడగడం అది!

పాత కంప్యూటర్ మొరాయిస్తోందని రోగుల పట్టికను కొత్తదానికి కాపీ చేసిన రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొన్ని వరుసలు రెండుగా విరిగాయి. 'కుళాయి పక్కన' అనే పేరుతో కొత్త రోగి పుట్టాడు. గనిలో రాయి తొలిచిన ఒక పాత డ్రిల్లర్‌కి 'పెన్సిలిన్ పడదు' అని ఉండాల్సిన గడి ఖాళీ. మర్నాడే ఆయన ఇంజెక్షన్‌కి రావాలి.

"చెడినవి కొన్నే కదా మేడమ్, తీసేద్దాం" అన్నాడు కంప్యూటర్ అమ్మినతను.

సార్‌కి కోపం రావడం అప్పుడే చూశాను. "తీసేస్తే ఎట్లప్పా? లోపల మనిషి ఉండాడు!"

పాత కంప్యూటర్‌లో ఆ డ్రిల్లర్ వరుస తెరిచాను. అక్కడ అంతా బాగానే ఉంది. కానీ చిరునామా మాత్రం కవరు మీద రాసినట్టు ఒక లైను కింద ఒక లైను. మధ్యలో ఎంటర్ కొట్టిన చోటల్లా కాపీలో వరుస తెగిపోయింది.

"సార్, ఇట్లా కొట్టింది ఎవరు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేనమ్మా. పోస్ట్‌మాన్‌కు అనుకూలంగా ఉంటుందని కొట్టినాను."

నవ్వు ఆపుకోలేకపోయాను. చిరునామాలన్నీ ఒకే లైనులోకి తెచ్చి మళ్ళీ కాపీ చేశాను. డ్రిల్లర్ గడిలో 'పెన్సిలిన్ పడదు' కనిపించగానే సార్ కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఇంగ టీ చెప్పమ్మా" అన్నారు. అంత రుచిగా టీ ఎప్పుడూ తాగలేదు.

మొన్న, సార్ కర్మలు అయ్యాక, పట్టికను ఇంకో కంప్యూటర్‌కి మార్చాను. ఒక్క వరుసా చెదరలేదు. బీపీ మందులకని సార్ తన పేరూ ఎక్కించుకున్నారు కదా, వెతికి చూశాను. చిరునామా ఒకే లైనులో బుద్ధిగా ఉంది. చివర్న మాత్రం ఆయన బుద్ధి పోనిచ్చుకోలేదు: 'పెరట్లో ఉంటాను, గట్టిగా పిలవండి.'

గట్టిగానే పిలిచాను. "సార్, అందరూ పైకొచ్చినారు!"