పొదిగే పెట్ట నాణెం

గ్రీసు దేశపు ఎజినా దీవిలో మా గుట్ట మీద కాపురమున్న జంబెతత్తకు చదువు రాదు. కోళ్ల సంగతి మాత్రం బాగా తెలుసు. తురకలు ప్సారా దీవిని తగలబెట్టిన ఏడు ఆమె ఒక గంపతో పడవ దిగింది. గంపలో మూడు పెట్టలు, ఒక పుంజు. పెనిమిటి అక్కడే పోయాడు. అయిదేళ్లలో ఆ మూడు పెట్టలూ ఇరవై అయ్యాయి. ఆ చలికాలం తెగులొచ్చి రేవులో కోళ్లన్నీ పోయినా గుట్ట మీద ఆమెవి నిలిచాయి.

అప్పుడే, తురకల పాలన పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వం రాగి నాణేలు అచ్చువేయించి జీతాల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. రేవులో ఎవరూ ముట్టుకోలేదు. తురకల పరా నాణేలకూ స్పెయిన్ వెండికీ అలవాటుపడిన చేతులవి. జంబెతత్త ఒక్కతే తీసుకుంది. నాణెం మీద రెక్కలు విప్పిన పక్షి, దాని కింద ఏదో చెదిరిన పోగు. గడ్డిలో పొదగడానికి కూర్చున్న పెట్ట అనుకుంది. ఇన్నాళ్లకు గుడ్లమ్ముకునేవాళ్ల కోసం డబ్బు చేశారని సంతోషించింది.

గుడ్లకు వచ్చిన బడిపంతులు, అది పెట్ట కాదనీ, మంటలో కాలి బూడిదలోంచి మళ్లీ లేచే పక్షి అనీ, మన దేశమూ అలాగే లేచిందనీ ఓపిగ్గా చెప్పాడు.

"మంటలు నేను చూశాను పంతులుగారూ," అంది ఆమె. "అందులోంచి ఏ పిట్టా లేవలేదు. ఇది కదలకుండా కూచుంది. పెట్టే."

ఆయన గుడ్లు తీసుకుని వెళ్లిపోయాడు. పంతులు చెప్పిందే నిజమని తర్వాత పుస్తకాల్లో నేనూ చదివాను. అయినా ఆ నాణెం చేతికొస్తే నాకు కనిపించేది పెట్టే.

ఈస్టర్ ముందరి ఉపవాసాలు వచ్చాయి. నలభై రోజులు గుడ్డు ముట్టేవాళ్లు లేరు. కోళ్లకు మాత్రం ఉపవాసం లేదు కదా. బార్లీ గింజలు అడుగంటాయి. చేతిలో ఉన్నదంతా రాగి. గింజలు దొరక్కపోతే పెట్టల్ని ఒక్కొక్కటిగా రేవులోని ఫ్రెంచి ఓడ వంటవాడికి కోతకు అమ్ముకోవాలి.

నాణేల మూటతో, గాలిమరలో పిండి పట్టి గింజలమ్మే యాకూమిస్ దగ్గరికి వెళ్లింది. పిండి కోసం వెళ్లిన మా అమ్మ అక్కడే ఉంది. యాకూమిస్ మూట విప్పి చూసి, ఇవి గిన్నెలకు మాట్లు వేసుకోవడానికి పనికొస్తాయన్నాడు. వెండి తెమ్మన్నాడు.

ఆమె గొడవపడలేదు. ఈస్టర్ గుడ్లకు ఎర్రరంగు వేసే పెద్ద గురువారం నాటికి మీ ఇంటికి ఎన్ని గుడ్లు కావాలని అడిగింది. నలుగురు ఆడపిల్లలు, అత్తగారు, పనివాళ్లు, నలభై అన్నాడు.

"అయితే పెట్ట నాణేలు చూసుకో తమ్ముడూ. వెండికి నేను అమ్మను."

"వెండి వద్దనే మనిషిని ఇవాళే చూస్తున్నా. ఎందుకమ్మవక్కా?"

"వెండి మీద కోడి లేదు."

"మరి నాకా రాగి ఎక్కడ దొరుకుతుంది?"

"నీ ముందే ఉందిగా. గింజలు కొలువు."

యాకూమిస్ మా అమ్మ వైపు చూశాడట. మా అమ్మ నవ్వు ఆపుకోవడానికి నేలచూపులు చూసింది. అతను రాగి మూట తీసుకుని రెండు బస్తాలు కొలిచాడు. సాయంత్రానికి ఈ సంగతి రేవంతా పాకింది. ఎర్రగుడ్డు లేని ఈస్టర్ ఎవరికి కావాలి? ఎందుకైనా మంచిదని రొట్టెలవాడు రాగి తీసుకున్నాడు, తర్వాత చేపలవాళ్లూ తీసుకున్నారు.

పెద్ద గురువారం తెల్లవారేసరికి గుట్ట దారంతా జనం. అందరికన్నా ముందు యాకూమిస్. తలుపు తియ్యి అక్కా, నీ పెట్టలు నీకే తెచ్చానని కేకేశాడు. లోపల జంబెతత్త ఇరవై పెట్టలకూ గింజలు చల్లి, అవి తినడం కాసేపు చూస్తూ నిలబడి, అప్పుడు వెళ్లి తలుపు తీసింది.