నెస్టర్ చెప్పే చావు కబుర్లు

నెస్టర్ ప్రిస్టుపా దగ్గర మొక్క కొనాలంటే ముందు దాని చావు కబురు వినాలి. ధర సంగతి ఆ తర్వాతే. మనం ఏ మొక్క మీద చెయ్యి వేసినా ఆయన మెడ ఓ పక్కకి వాల్చి, "చస్తుంది" అంటాడు. అదీ, రేపు మబ్బు పడుతుందని చెప్పినంత తాపీగా.

కెనడాలో మా సస్కాచెవాన్ చలికి మనుషులే సగం చచ్చి బతుకుతారు, ఇక మొక్కలెంత? అందుకని ఆయన మాట నూటికి తొంభై సార్లు నిజమయ్యేది. అదే మాకు ఒళ్ళు మంట.

ఓసారి కొత్తగా వచ్చిన ఫాదర్ చెర్రీ మొక్క పట్టుకున్నాడు.

"చస్తుంది ఫాదర్."

"దేవుడి దయ ఉంటే బతుకుతుందిలెండి."

"ఏప్రిల్లో ఎండ చూపించి మేలో మంచు కురిపించేది ఆ దేవుడే కదా? ఆయన్ని నమ్ముకుంటే ఇంకా ముందే చస్తుంది."

మా వెనకింటి వెర్నా ఫ్రీసెన్ నగరంలో పెద్ద కొట్టుకి వెళ్ళి రేగు లాంటి కాయలు కాసే ప్లమ్ మొక్క తెచ్చుకుంది. ఎంత చలికైనా ఆగుతుందని దాని మెడలో బిళ్ళ కూడా ఉంది. నెస్టర్ని ఏడిపిద్దామని చూపించడానికి తీసుకెళ్ళింది. ఆయన ఆ మొక్క చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, బిళ్ళ తిప్పి చూసి, "బిళ్ళ బతుకుతుంది" అన్నాడు. ఇప్పటికీ ఉంది ఆ బిళ్ళ, వెర్నా పెరట్లో, ఎండిపోయిన పుల్లకి వేలాడుతూ.

ఇంత దిక్కుమాలిన నోరు పెట్టుకుని కూడా ఆయన వ్యాపారం ఎలా సాగుతోందంటే, చివరికి ఆయన తన చేత్తో ఏరి ఇచ్చింది మాత్రం చావదు. తన పెరట్లో కప్పూ కట్టూ లేకుండా తొమ్మిది చలికాలాలు నిలబడిన పొదల పిలకలే ఏరి చేతిలో పెడతాడు. ఆ తొమ్మిదేళ్ళూ వాటిని తిడుతూనే ఉంటాడు.

ఇక నా సంగతి. నేను బడి బస్సు నడుపుతాను. ఐదేళ్ళ క్రితం నా మొగుడు గార్త్, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్లని వెంటబెట్టుకుని, ఫిబ్రవరిలోనే పూలు పూసే సముద్రపు ఒడ్డుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేవాడు నోరు మూసుకుని వెళ్ళొచ్చుగా? గుమ్మంలో నిలబడి, "ఈ పెరట్లో ఏదీ బతకదు దారియా" అన్నాడు. వాడు తీసుకెళ్ళిన కారు కన్నా, మంచు తోసే యంత్రం కన్నా, వదిలేసి వెళ్ళిన ఆ మాటే నన్ను కోసింది. ఆ మాట అబద్ధం చెయ్యాలి. అంతకన్నా నాకింకో కోరిక లేదు. గులాబీ వేశాను, చచ్చింది. ద్రాక్ష వేశాను, అదీ చచ్చింది. అప్పుడు పంతం చంపుకుని నెస్టర్ దగ్గరికి వెళ్ళాను.

"ఏం కావాలమ్మాయ్?" అన్నాడు. నాకప్పటికి యాభై ఒకటి.

"చావనిది ఒకటి ఇవ్వండి పెద్దాయనా."

ఆయన నన్ను ఓ నిమిషం చూసి లోపల్నించి హాస్కాప్ పొద తెచ్చాడు, మంచు దేశాల్లో నీలం కాయలు కాసే రకం. "మైనస్ నలభై ఐదులో కూడా దీనికేం కాదు. చావదు."

ఆ నోట ఆ మాట ఊళ్ళో ఎవరూ విన్నది కాదు. నాకు కళ్ళు చెమర్చాయి. అంతలోకే ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో పొద తెచ్చి దాని పక్కన పెట్టాడు.

"ఇదెందుకు?"

"ఇది వేరే రకం. రెండూ ఒకేసారి పూస్తాయి. తుమ్మెద దీని మీంచి దాని మీదకి తిరిగితేనే కాయ. ఒంటరి పొద కాయదమ్మాయ్."

నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకరు దగ్గారు. ఒంటరి అన్న మాట ఆ ఏడాదంతా నా వెనక గుసగుసల్లో విన్నదే, ఇప్పుడు మొహం మీదే వినపడింది.

"నాకు ఒకటి చాలు."

"చావదు గానీ, కాయదు."

"కాయకపోతే నాకు పోయేదేం లేదు. రెండోది అమ్ముడుపోలేదనేగా మీ ఏడుపు?"

ఆయన రెండోది ఎత్తుకుని లోపల పెట్టేశాడు. ఆ తర్వాత చర్చిలో అందరం కలిసి పెరోగీలు, అదే బంగాళాదుంప కజ్జికాయలు, చుట్టేటప్పుడు కూడా నేను ఆయనకి వీపు పెట్టే కూర్చునేదాన్ని.

మూడు వసంతాలు పొద పూసింది. ఇంకా మంచు కరగకముందే పూసింది. తుమ్మెదలు వచ్చాయి, వెళ్ళాయి. ఒక్క కాయ లేదు. నెస్టర్ పాత ట్రక్కు మా ఇంటి ముందుకొచ్చేసరికి నెమ్మదించేది. కంచె మీదుగా ఓ పక్కకి వాలిన మెడ కనిపించేది. నేను కర్టెన్ లాగేసేదాన్ని.

నాలుగో ఏడు జూన్ చివర్లో కాసింది. కొమ్మ కొమ్మకీ నీలంగా, పొడుగ్గా. మొదటి కాయ నోట్లో వేసుకుంటే పళ్ళు జివ్వుమన్నాయి. నాకు మాత్రం అంత రుచైనది అంతవరకూ తగల్లేదు. గిన్నె నిండా కోసుకుని, పిల్లల్ని దింపేసిన బస్సుతోనే తిన్నగా నెస్టర్ గేటు ముందు ఆగాను. పిల్లలు దిగేటప్పుడు రోడ్డు మీద బళ్ళన్నీ ఆపే ఎర్ర లైట్లు కూడా వేశాను.

"చూశారా! ఒంటరిదే కాసింది!"

ఆయన ఒకటి తిని, "పులుపు" అన్నాడు.

"అంతేనా?"

"వల కట్టు. పిట్టలు తినేస్తాయి."

అప్పుడు గమనించాను, ఆయన గేటు పక్క వరసలో ఓ ఖాళీ. అక్కడ నడుమెత్తు హాస్కాప్ పొద ఉండాలి. ఎవరడిగినా అమ్మని పొద, ఫాదర్ బతిమాలినా ఇవ్వనిది.

"అదేమైంది?"

"చచ్చింది."

ఎంత సంబరపడ్డానో చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. పోస్టాఫీసులో చెప్పాను, చర్చిలో చెప్పాను. "అందరి మొక్కలకీ చావు రాసేవాడు, సొంత మొక్కకి రాయడం మర్చిపోయాడు" అని నెల రోజులు నవ్వించాను. అన్నీ ఆయన చెవిన పడ్డాయి. 

ఆగస్టులో వెర్నా ఫోన్ చేసింది. "నీ వెనక మొక్కల కంచె సందులోకి పెరిగిపోయింది. నరుకుతావా, ఊరి ఆఫీసులో చెప్పమంటావా?" తిట్టుకుంటూ రంపం తీసుకుని వెనక సందులోకి వెళ్ళాను. అటు అడుగు పెట్టి రెండేళ్ళయింది.

కంచె కొమ్మల చాటున నడుమెత్తు హాస్కాప్ పొద. మొదలు చుట్టూ గడ్డి పరిచి ఉంది. ఊతకర్రకి నారింజ రంగు తాడు, మూడు ముళ్ళు. ఊతకర్రకి అలా మూడు ముళ్ళు వేసేది ఊళ్ళో నెస్టర్ ఒక్కడే.

వెర్నా తన మెట్ల మీంచి చూస్తోంది. "పోయిన శరత్కాలంలో తెచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ వయసు, ఆ తుంటి నొప్పి, తోపుడు బండి మీద. నీ బస్సు మలుపు తిరిగాక వచ్చి నీళ్ళు పోసి పోయేవాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే పీకేస్తుందన్నాడు. పీకవూ?"

"పీకేదాన్నే."

ముందు కోపమే వచ్చింది. నెల రోజులు ఊరంతా నవ్వించిన నా విజయాన్ని ఆ ముసలాయన ఆ ముళ్ళతో కట్టి పడేశాడు. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. కంచె నరకకుండానే ఇంట్లోకి వెళ్ళి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి దాచిన కాయలన్నీ తీసి జామ్ వండాను.

సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మీ చచ్చిన పొద పుణ్యమే ఇది."

"ఏ పొద?"

"మా సందులో ఉన్నది."

"పిట్టలు గింజ వేసుంటాయి."

"మూడు ముళ్ళు కూడా పిట్టలే వేశాయా?"

"ఈ కాలం పిట్టలు గడుసువి." మూత తీసి ఓ చెంచా జామ్ నోట్లో వేసుకున్నాడు. "అమ్మాయ్, ఒంటరిది కాయదన్నాను. కాసిందా?"

"లేదు."

"మరి!"

గార్త్ మాట అబద్ధమైపోయింది. కానీ ఆ పని నేనొక్కదాన్నే చేశానని చెప్పుకోడానికి లేకుండా పోయింది. అందుకేమీ బాధగా లేదు.

నేను గేటు దాటుతుంటే వెనక నించి కేకేశాడు. "పంచదార తక్కువేశావ్. ఈ జామ్ బూజు పట్టి చస్తుంది!"

మూడో రోజు పొద్దున్నే మా మెట్ల మీద ఖాళీ సీసా ఉంది, శుభ్రంగా కడిగి.