ఒక్క టిక్కు

చెన్నై షోళింగనల్లూరులో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తున్న రోజులవి. ఖాతాదారు సంతకం చేసే ముందు, వాళ్లు కొనబోయే ఫండు అర్థం చేసుకోవడానికి సులువైనదో చిక్కైనదో పత్రంలో టిక్కు పెట్టడం నా పని. ఆ సాయంత్రం వచ్చింది వర్ధమాన దేశాల ఇండెక్స్ ఫండు. ఇండెక్స్ అనే జాబితాలో ఉన్న షేర్లనే కొంటుంది, ఇందులో చిక్కేముందిలే అనుకుని, అలసటలో 'సులువు' అని టిక్కు పెట్టేశాను.

ఎదురుగా ఉన్నది నాయుడుగారు. అంబత్తూరులో ముప్పయ్యేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి.

"సులువంటా ఉండావే, దీంట్లో ఏయే దేశాలుండాయి మా? ఆడ డబ్బు విలువ పడిపోతే నా గతేంది?" అని అడిగారు.

రెండు దేశాల పేర్లు చెప్పి ఆగిపోయాను. పక్క టేబుళ్లవాళ్లు తల తిప్పి చూశారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"సారీ సార్, నాకే సరిగ్గా తెలియదు. ఇది సులువైంది కాదు" అని ఆ టిక్కు మీద అడ్డగీత గీసేశాను. అది చూసి మా మేనేజరు ముఖం మాడ్చుకున్నారు.

నాయుడుగారు సంతకం పెట్టలేదు, కోప్పడనూ లేదు. "శానా అలిసిపోయుండావు. పోయి కాఫీ తాగు మా" అని లేచి వెళ్లిపోయారు.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ ఉద్యోగంలో అలసట ఏమీ తగ్గలేదు గానీ, నాకర్థం కానిదాన్ని సులువని మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

– ఒక పాఠకురాలు, చెన్నై